‘సర్వర్ డౌన్’ అన్న మాట వెనుక: చిలమత్తూరు నుంచి డేటా సెంటరు దాకా

శ్రీ సత్యసాయి జిల్లా దక్షిణపు అంచున కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న చిలమత్తూరు, 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడే వరకు అనంతపురం జిల్లాలో ఒక మండల కేంద్రం; బెంగళూరు నుంచి హైదరాబాదు వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి ఆంధ్రప్రదేశ్‌లోకి ప్రవేశించే కొడికొండ చెక్‌పోస్టు ఈ మండలంలోనిదే. వానను నమ్ముకున్న వేరుశనగ, బోరును నమ్ముకున్న మల్బరీ ఇక్కడి రైతుకు ఆధారాలు కాగా, వాన తప్పిన ఏడాది ఆ కుటుంబాన్ని నిలబెట్టేవి చౌకధరల దుకాణపు బియ్యం, సామాజిక పింఛను, పంటల బీమా, ఇన్‌పుట్ సబ్సిడీ వంటివి. ఇవన్నీ నేడు వేలిముద్ర యంత్రాన్నో గ్రామ సచివాలయంలోని కంప్యూటరునో దాటుకొని రావలసినవే కాబట్టి, కంప్యూటర్ నెట్‌వర్కు అనేది పట్టణాల సౌకర్యమనీ కుర్రకారు కాలక్షేపమనీ అనుకొనే రోజులు కరవు సీమలో సైతం పోయాయి. అయినా ఆ నెట్‌వర్కు మొరాయించినప్పుడు పౌరుడికి దక్కే వివరణ మాత్రం రెండే మాటలు: ‘సర్వర్ డౌన్’. ఈ రెండు మాటల కింద కనీసం అరడజను వేర్వేరు లోపాలు ఇమిడిపోతాయి, వాటిలో కొన్నింటికి సర్వరుతో ప్రమేయమే ఉండదు. లోపం ఏ అంచెలో తలెత్తిందో అడిగి తెలుసుకొనే హక్కు పౌరుడికి ఉంది. ఆ ప్రశ్న అడగడానికి నెట్‌వర్కు పరిభాషలోని కొన్ని ప్రాథమిక పదాలు తెలిస్తే చాలు.

రెండు గానీ అంతకు మించి గానీ కంప్యూటర్లు ఒక ఉమ్మడి నియమావళిని పాటిస్తూ సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకొనేలా కలిపిన అమరికను నెట్‌వర్కు అంటారు. ఇక్కడ కంప్యూటరంటే బల్లమీది యంత్రమే కానక్కరలేదు. స్మార్ట్‌ఫోను, రేషను దుకాణంలోని ఈ-పోస్ యంత్రం, టీ కొట్టులో డబ్బు జమ అయిందని పలికే చిన్న సౌండు బాక్సు, ఇవన్నీ నెట్‌వర్కు దృష్టిలో కంప్యూటర్లే. అవి పాటించే నియమావళిని ప్రోటోకాల్ అంటారు: ఎవరు ముందు పలకరించాలి, సమాచారాన్ని ఏ వరుసలో పేర్చాలి, అందినట్టు ఎలా తెలపాలి, అందకపోతే ఎంతసేపటికి మళ్లీ పంపాలి అన్న నిబంధనలన్నీ అందులో ఉంటాయి. ఒక కంపెనీ ఫోను మరో కంపెనీ యంత్రంతో మాట్లాడగలుగుతున్నదంటే అందుకు కారణం ఈ నిబంధనలు బహిరంగంగా ప్రచురితమై, ఎవరైనా పాటించడానికి వీలుగా ఉండటమే. అడిగే యంత్రాన్ని క్లయింటు అనీ, అడిగినదానికి జవాబిచ్చే పనికి కేటాయించిన యంత్రాన్ని సర్వరు అనీ వ్యవహరిస్తారు. సచివాలయ ఉద్యోగి ముందున్న కంప్యూటరు క్లయింటు, రైతు వివరాలు భద్రపరిచి ఎక్కడో దూరాన ఉన్నది సర్వరు. ఈ రెండింటి నడుమ ఉన్న దారంతా నెట్‌వర్కు.

ఆ దారిలో మొదటి అంచె గది నాలుగు గోడల లోపలే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాల వ్యవస్థ మొదలైనప్పటి నుంచి దాదాపు ప్రతి గ్రామ స్థాయి కార్యాలయంలోనూ కంప్యూటర్లు, ప్రింటరు, వేలిముద్ర పరికరాలు చేరాయి. ఒకే భవనంలోని ఇటువంటి యంత్రాలను కలిపే నెట్‌వర్కును స్థానిక నెట్‌వర్కు, అంటే లాన్ అంటారు. తీగల ద్వారా కలిపే పద్ధతుల్లో ప్రపంచమంతటా స్థిరపడినది ఈథర్‌నెట్. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ దానికి రూపకల్పన చేశారు. ఈథర్‌నెట్ తీగలన్నీ వచ్చి చేరే పెట్టెను స్విచ్ అంటారు. ప్రతి యంత్రపు నెట్‌వర్కు భాగానికీ తయారీలోనే 48 బిట్ల పొడవైన మాక్ అడ్రసు ఇస్తారు. ఏ మాక్ అడ్రసు తన ఏ రంధ్రానికి తగిలించిన తీగ చివర ఉందో స్విచ్ గుర్తుపెట్టుకొని, సమాచారాన్ని అవసరమైన తీగలోకి మాత్రమే వదులుతుంది. పూర్వం వాడిన హబ్‌కు ఈ తెలివి ఉండేది కాదు, వచ్చిన ప్రతిదాన్నీ అన్ని తీగల్లోకీ పంపేది. అందుకే అది వాడుక నుంచి తొలగిపోయింది.

తీగ బదులు రేడియో తరంగాలతో అదే పని చేసేది వైఫై. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను కొంత మేరకు దాటి దూరం పోతాయి గానీ వేగం తక్కువ, 5 గిగాహెర్ట్జ్ తరంగాలకు వేగం ఎక్కువ గానీ గోడ అడ్డొస్తే త్వరగా బలహీనపడతాయి. రాతి గోడల పాత ఇళ్లలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఇక్కడే ఒక సాధారణమైన పొరపాటును సరిదిద్దుకోవాలి. ఫోను తెరపై వైఫై గుర్తు నిండుగా కనిపించడానికి అర్థం, ఫోనుకూ గదిలోని పెట్టెకూ మధ్య సంబంధం బాగుందని మాత్రమే. ఆ పెట్టె నుంచి బయటికి పోయే తీగ ఎక్కడో తెగిపోయి ఉన్నా ఆ గుర్తు నిండుగానే కనిపిస్తుంది. ‘సిగ్నలు ఉంది గానీ నెట్ రావడం లేదు’ అన్న ఫిర్యాదులో వైరుధ్యమేమీ లేదు, అది ఒక అంచె బాగుండి తరువాతి అంచె చెడిందని చెప్పే కచ్చితమైన సమాచారం.

లాన్‌ను బయటి ప్రపంచంతో కలిపే యంత్రం రూటరు. మాక్ అడ్రసు గది దాటితే పనికిరాదు. ఒక నెట్‌వర్కు నుంచి మరో నెట్‌వర్కుకు దారి చూపడానికి వేరే చిరునామా కావాలి, అదే ఐపీ అడ్రసు. అంకెల గుంపులు నాలుగింటిని చుక్కలతో విడదీసి రాసే పాత పద్ధతి, అంటే ఐపీవీ4, 32 బిట్లతో ఏర్పడినది కనుక దానిలో సాధ్యమయ్యే చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. పరిశోధన సంస్థలూ విశ్వవిద్యాలయాలూ మాత్రమే నెట్‌వర్కును వాడిన కాలంలో అది తరగని నిధిలా కనిపించింది గానీ, 2011 ఫిబ్రవరి 3న అంతర్జాతీయ కేటాయింపు సంస్థ తన వద్ద మిగిలిన చివరి భాగాలను ఖండాల వారీ సంస్థలకు పంచివేయడంతో కేంద్ర నిల్వ అడుగంటింది. ఈ కొరతను తట్టుకోవడానికి రెండు ఉపాయాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది, 192.168తోనో 10తోనో మొదలయ్యే కొన్ని చిరునామాలను ప్రైవేటు చిరునామాలుగా ప్రకటించి, ఏ ఇంట్లోనైనా ఏ కార్యాలయంలోనైనా మళ్లీ మళ్లీ వాడుకోనిచ్చి, బయటికి పోయేటప్పుడు రూటరు వాటి స్థానంలో తన సొంత పబ్లిక్ చిరునామాను ఉంచడం. దీన్ని నాట్ అంటారు. చిలమత్తూరులోని ఒక ఇంటి ఫోనుకూ విశాఖపట్నంలోని మరో ఇంటి ఫోనుకూ ఒకే 192.168.1.5 ఉన్నా గందరగోళం రాకపోవడానికి కారణమిదే. కొత్తగా చేరిన యంత్రానికి ఇంట్లో ఖాళీగా ఉన్న చిరునామాను వెతికి ఇచ్చే పనిని కూడా ఆ రూటరే డీహెచ్‌సీపీ అనే ప్రోటోకాల్‌తో చేస్తుంది. రెండో ఉపాయం 128 బిట్ల ఐపీవీ6. దానిలోని చిరునామాల సంఖ్యకు తెలుగు లెక్కలో వాడుక పేరు లేదు. 2016 సెప్టెంబరులో జియో 4జీ సేవలు ఐపీవీ6తోనే మొదలుకావడం, మిగిలిన కంపెనీలు ఆ బాట పట్టడం వల్ల ఈ కొత్త పద్ధతి వాడకంలో భారతదేశం నేడు ప్రపంచంలో ముందు వరుసలో ఉంది.

చిరునామా దొరికాక ప్రయాణించేది ఏమిటన్నది తరువాతి ప్రశ్న. ఒక ఫొటో గానీ దరఖాస్తు గానీ నెట్‌వర్కులో ఒక్క ముక్కగా పోదు. సాధారణంగా 1,500 బైట్లకు మించని ముక్కలుగా దాన్ని విడగొట్టి, ప్రతి ముక్క మీదా పంపినవారి చిరునామా, అందవలసినవారి చిరునామా, వరుస సంఖ్య రాసి పంపుతారు. ఈ ముక్క పేరు ప్యాకెట్. ఒకే సమాచారపు ప్యాకెట్లు వేర్వేరు దారుల్లో పోయినా, వెనుకా ముందుగా చేరినా, అవతలి యంత్రం వరుస సంఖ్యను బట్టి వాటిని మళ్లీ పేర్చుకుంటుంది. పూర్వపు టెలిఫోను పద్ధతిలో ఇద్దరు మాట్లాడుకుంటున్నంతసేపూ, వారు మౌనంగా ఉన్నా సరే, వారి మధ్య ఒక మార్గం మొత్తం వారికే కేటాయింపబడి ఉండేది. ప్యాకెట్ పద్ధతిలో ఒకే తీగను వేలమంది ప్యాకెట్లు పంచుకోగలవు. 1960లలో అమెరికాలో పాల్ బారన్, బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఈ ఊహకు రూపమిచ్చారు, 1969 అక్టోబరు 29న ఆర్పానెట్‌లో రెండు కంప్యూటర్ల మధ్య తొలి సందేశం నడిచింది. ప్యాకెట్లు దారితప్పినప్పుడు మళ్లీ పంపించి, అన్నీ చేరినట్టు రూఢి చేసుకొనే బాధ్యత టీసీపీ అనే ప్రోటోకాల్‌ది; ఐపీతో కలిపి దాని రూపకల్పనకు వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రచురించిన పరిశోధన పత్రం పునాది. పింఛను దరఖాస్తులో ఒక్క అక్షరం పోయినా చిక్కే కనుక అక్కడ టీసీపీ కావాలి. ఫోను సంభాషణలో ఒక్క క్షణపు శబ్దం పోతే నష్టం లేదు గానీ ఆలస్యమైతే మాట కలవదు కనుక అక్కడ, మళ్లీ పంపే పని పెట్టుకోని యూడీపీ సరిపోతుంది.

ఇంతవరకూ చెప్పినది గది లోపలి సంగతి, కాగితం మీది నియమాల సంగతి. పల్లె నెట్‌వర్కు అసలు బలాబలాలు బయటపడేది గడప దాటిన తరువాతే. అనంతపురం పీఠభూమి నేల చాలాచోట్ల పైపొర పలచని గ్రానైటు. అటువంటి చోట కిలోమీటర్ల కొద్దీ కందకం తవ్వి కేబుల్ పూడ్చడం ఎంతో ఖర్చుతో, కాలయాపనతో కూడిన పని. 2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ ఈ చిక్కుకు ఎంచుకున్న పరిష్కారం, అప్పటికే ఊరూరికీ పాతి ఉన్న కరెంటు స్తంభాల మీదుగా కేబుల్‌ను గాలిలో లాగడం. మొదటి దశలో 23 వేల కిలోమీటర్లకు పైగా ఈ విధంగా వేశారు, విద్యుత్ సబ్‌స్టేషన్లలోనే నెట్‌వర్కు పరికరాలను అమర్చారు. కోనసీమలోని మోరి గ్రామంలో 2016 డిసెంబరులో ఇంటింటికీ ఫైబరు ఇచ్చే ప్రయోగం ప్రారంభం కాగా, 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఆ ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. టీవీ చానళ్లు, ఫోను, ఇంటర్నెట్ మూడూ కలిపి నెలకు 149 రూపాయలకు ఇస్తామన్న ప్రకటన ఆ రోజుల్లో దేశమంతటా చర్చకు వచ్చింది. దేశవ్యాప్తంగా గ్రామ పంచాయతీలకు ఫైబరు చేర్చాలని కేంద్రం 2011లో ఆమోదించిన పథకమే తరువాత భారత్‌నెట్ అన్న పేరుతో కొనసాగింది.

కరెంటు తీగల పక్కన మరో తీగను వేలాడదీయడం ప్రమాదం కాదా అన్న సందేహం సహజమే. ఆప్టికల్ ఫైబరు అంటే వెంట్రుకంత సన్నని గాజు పోగు. దానిలో ప్రయాణించేది విద్యుత్తు కాదు, కంటికి కనిపించని పరారుణ కాంతి. స్తంభాలపై వేసే కేబుల్‌ను లోపల ఎక్కడా లోహం లేకుండా, తన బరువును తానే మోసుకొనేలా గట్టి నార పోగులతో తయారు చేస్తారు కనుక కరెంటు దానిలోకి పాకదు. గాజు మధ్యభాగం మీటరులో పది లక్షలవ వంతైన మైక్రాన్లలో చెప్పాలంటే తొమ్మిది మైక్రాన్ల మందం. దాని చుట్టూ ఉన్న గాజు పొర కాంతిని బయటికి పోనివ్వకుండా లోపలికే మళ్లిస్తుంది, కాబట్టి పదుల కిలోమీటర్లు పోయినా కాంతి గుర్తించదగినంతగా మిగులుతుంది. కాంతిని వెలిగించడమూ ఆర్పడమూ క్షణానికి వందల కోట్ల సార్లు చేయగల పరికరాల వల్ల, 0, 1 అనే రెండు సంకేతాలతో సమాచారమంతా సాగిపోతుంది. ఈ 0 లేక 1 పేరే బిట్. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. ప్రకటనల్లో కనిపించే 100 ఎంబీపీఎస్ బిట్ల లెక్క కాగా, ఫోనులో ఫైళ్ల పరిమాణం బైట్ల లెక్క. అందుచేత 100 ఎంబీపీఎస్ కనెక్షను మీద సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లే దిగుమతి కావడం మోసమేమీ కాదు.

ఇళ్లకు ఫైబరు ఇచ్చే పద్ధతుల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నది జీపాన్. దీనిలో ఆపరేటరు కేంద్రంలో ఓఎల్‌టీ అనే పరికరం ఉంటుంది. దాని నుంచి బయలుదేరిన ఒక్క పోగును దారిలో స్ప్లిటర్ అనే చిన్న గాజు అమరిక, కరెంటు అవసరం లేకుండానే, 32 గానీ 64 గానీ పాయలుగా చీలుస్తుంది. ప్రతి పాయ చివరా ఒక ఇంట్లో ఓఎన్‌టీ ఉంటుంది. జనం ‘ఫైబర్ బాక్సు’ అనేది దీన్నే. సాధారణంగా రూటరు, వైఫై కూడా దీనిలోనే ఇమిడి ఉంటాయి. కేంద్రం నుంచి ఇళ్ల వైపు వచ్చే సెకనుకు రెండున్నర గిగాబిట్ల సామర్థ్యాన్ని ఆ ఒక్క పోగు మీది ఇళ్లన్నీ పంచుకోవలసిందే కనుక, రాత్రి వేళ అందరూ వీడియోలు చూసేటప్పుడు వేగం తగ్గడంలో ఆశ్చర్యం లేదు. ఆ బాక్సు మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్ర దీపం వెలిగితే, కేంద్రం నుంచి కాంతి ఇంటికి చేరడం లేదని అర్థం. బాక్సును ఎన్నిసార్లు ఆపి వేసినా అప్పుడు ప్రయోజనం ఉండదు. ఫైబరు ఎక్కడో తెగింది, లేదా వంగి నలిగింది. గాలిలో వేసిన కేబుల్‌కు ఈ గండం ఎక్కువ: రోడ్డు వెడల్పులో స్తంభం మారినా, ఈదురు గాలికి కొమ్మ విరిగి పడినా, ఎత్తైన లోడుతో లారీ పోయినా అది తెగుతుంది. భూమిలో పూడ్చడానికి పెట్టని ఖర్చును ఏళ్ల తరబడి మరమ్మతు రూపంలో చెల్లించక తప్పదు, ఆ మరమ్మతుకు నిధులూ మనుషులూ నిలకడగా కేటాయించకపోతే చవకగా వేసిన దారి చవకగానే పాడవుతుంది. ఈ పీఠభూమి వంటి చోట స్తంభాల మార్గాన్ని ఎంచుకోవడం సరైన నిర్ణయమే. నిర్వహణను నిర్మాణంతో సమానంగా చూడకపోవడమే ఇటువంటి పథకాలన్నిటికీ పట్టిన జబ్బు.

తెగిన చోటు కనిపెట్టే తీరు తెలుసుకోదగినది. ఓటీడీఆర్ అనే పరికరం ఫైబరులోకి కాంతిని తృటిపాటు వదిలి, గాజులోంచి వెనక్కి తిరిగివచ్చే అతి స్వల్పమైన కాంతి ఎంతసేపటికి వచ్చిందో కొలుస్తుంది. గాజులో కాంతి వేగం సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లని తెలుసు కనుక, తెగిన చోటు ఎన్ని మీటర్ల దూరాన ఉందో లెక్క తేలుతుంది. అక్కడికి చేరిన పనివారు రెండు గాజు కొనలను నున్నగా కోసి, ఎదురెదురుగా నిలిపి, విద్యుత్ మెరుపుతో కరిగించి అతుకుతారు. దీన్నే స్ప్లైసింగు అంటారు. ఎండలో స్తంభం పక్కన కూర్చుని వెంట్రుకంత గాజును అతికే ఆ పనివారి నైపుణ్యం మీద ఒక్కోసారి మండలమంతటి పింఛన్ల పంపిణీ ఆధారపడి ఉంటుందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఒక చోట తెగితే ఎన్ని ఊళ్లు చీకట్లో పడతాయన్నది అమరికను బట్టి ఉంటుంది. ఊళ్లను ఒకదాని తరువాత ఒకటిగా కలుపుతూ పోయి చివరి ఊరితో ఆపేస్తే, మధ్యలో ఎక్కడ తెగినా దాని అవతలి ఊళ్లన్నిటికీ సంబంధం పోతుంది. చివరి ఊరి నుంచి మరో దారిలో మళ్లీ కేంద్రానికి కలిపి వలయంగా మూస్తే, ఒక పక్క తెగినా ప్యాకెట్లు రెండో పక్క నుంచి చుట్టి వస్తాయి. దీన్ని రింగు అంటారు. రాష్ట్ర సరిహద్దులో, రహదారికి దూరంగా ఉన్న ఊళ్లు తరచుగా గొలుసు కొసలో పడతాయి కాబట్టి, తమ ఊరు రింగులో ఉందా లేదా అన్నది పంచాయతీలు అడగవలసిన మొదటి ప్రశ్న. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి: పాత రాగితీగ టెలిఫోనుకు కరెంటు ఎక్స్‌ఛేంజి నుంచే వచ్చేది కనుక ఊళ్లో కరెంటు పోయినా అది మోగేది, ఫైబరు కరెంటును మోసుకురాలేదు కనుక ఇంట్లోని బాక్సుకూ, మధ్యలోని ప్రతి పరికరానికీ బ్యాటరీ ఆధారం ఉండి తీరాలి.

మొబైలు దారి కూడా చివరికి ఇదే. ఫోను నుంచి టవరు వరకే గాలిలో ప్రయాణం. టవరు నుంచి ముందుకు పోయే దారిని బ్యాక్‌హాల్ అంటారు, అది ఫైబరో లేక గిన్నె ఆకారపు యాంటెన్నాల మధ్య నడిచే మైక్రోవేవో అవుతుంది. బండరాతి గుట్టలు అడ్డంగా ఉన్న పల్లెలకు టవరు దగ్గరలోనే ఉన్నా తరంగాలు అందకపోవచ్చు. సరిహద్దు గ్రామాల్లో ఫోను ఒక్కోసారి కర్ణాటక టవరును పట్టుకుంటుంది.

వేగం అన్న మాట కింద రెండు వేర్వేరు గుణాలు కలగలిసి ఉన్నాయి, వాటిని విడదీయడానికి ఈ సీమవాసులకు బోరుబావిని మించిన ఉదాహరణ అక్కరలేదు. పైపు ఎంత లావుగా ఉంటే నిమిషానికి అన్ని నీళ్లు పడతాయి. కానీ మోటారు వేసిన తరువాత మొదటి చుక్క బయటికి రావడానికి పట్టే సమయం బోరు లోతును బట్టి ఉంటుంది, లావు పైపు వేసినా వెయ్యి అడుగుల లోతు తగ్గదు. పైపు లావు బ్యాండ్‌విడ్తు, మొదటి చుక్కకు పట్టే సమయం లేటెన్సీ. బ్యాండ్‌విడ్తును డబ్బు పెట్టి పెంచుకోవచ్చు గానీ లేటెన్సీకి కాంతి వేగం ఒక కనీస హద్దు గీస్తుంది. చిలమత్తూరు నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు ఫైబరులో కాంతి అర మిల్లీసెకనులో చేరుతుంది. 14 వేల కిలోమీటర్ల దూరంలోని కాలిఫోర్నియాకు తీగ సూటిగా వేసినా పోయి రావడానికి 140 మిల్లీసెకన్లు తప్పవు, సముద్రగర్భ కేబుళ్ల వంపులూ రూటర్ల ఆలస్యమూ కలిస్తే అది 200 దాటుతుంది. భూమికి 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఉపగ్రహం ద్వారా అయితే అర సెకను పడుతుంది. 1980ల చివరలో జిల్లా కేంద్రాలను ఢిల్లీతో కలిపిన జాతీయ ఇన్ఫర్మేటిక్స్ కేంద్రపు నిక్‌నెట్ ఉపగ్రహాల మీద ఆధారపడినదే. మన దేశంలో ఒక కనెక్షనును బ్రాడ్‌బ్యాండ్ అని పిలవాలంటే కనీస వేగం 2 ఎంబీపీఎస్ ఉండాలని 2023లో నిర్ణయించారు, అంతకు ముందు అది 512 కేబీపీఎస్; లేటెన్సీ ఎంతకు మించరాదన్న ప్రస్తావన ప్రకటనల్లో మాత్రం కనిపించదు, వీడియో కాల్‌లో వైద్యుణ్ణి సంప్రదించే గ్రామీణుడికి అదీ ముఖ్యమే.

మనుషులు అంకెలను గుర్తుపెట్టుకోలేరు కనుక వెబ్‌సైట్లకు పేర్లు పెట్టారు. పేరు చెబితే ఐపీ అడ్రసు చెప్పే వ్యవస్థ డీఎన్‌ఎస్. 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన ఈ పట్టిక ఏ ఒక్క చోటా మొత్తంగా ఉండదు. పేరులోని చివరి భాగం నుంచి మొదలుపెట్టి ఒక్కో అంచెలో ఒక్కో సర్వరును అడుగుతూ పోతే జవాబు దొరుకుతుంది. భారత జాతీయ ఇంటర్నెట్ ఎక్స్‌ఛేంజి అయిన నిక్సీ నిర్వహణలో తెలుగు లిపిలోనే ‘.భారత్’ అన్న కొసతో పేర్లు నమోదు చేసుకొనే వీలుంది, ఆ వీలును తెలుగు సంస్థలు వినియోగించుకోవడం చాలా తక్కువ. డీఎన్‌ఎస్ చెడితే సర్వరూ బాగుంటుంది, దారీ బాగుంటుంది, అయినా ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు.

పెద్ద నెట్‌వర్కులు తమ వద్ద ఏయే చిరునామాలు ఉన్నాయో పొరుగు నెట్‌వర్కులకు చాటే ప్రోటోకాల్ బీజీపీ. ఇంటర్నెట్ అంటే ఈ చాటింపులను ఒకరికొకరు నమ్ముతూ కలిసి ఉన్న వేలాది నెట్‌వర్కుల సముదాయమే. 2021 అక్టోబరు 4 రాత్రి, భారత కాలమానం ప్రకారం తొమ్మిది దాటిన తరువాత, వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రపంచమంతటా దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక తప్పుడు ఆదేశం వల్ల ఈ మూడింటినీ నడిపే సంస్థ డేటా సెంటర్ల మధ్య సంబంధం తెగింది. దానితో సంస్థ డీఎన్‌ఎస్ సర్వర్లకు దారి చూపే చాటింపులు బీజీపీ నుంచి వాటంతట అవే ఉపసంహరణ అయ్యాయి, వాటి చిరునామాలు ప్రపంచానికి కనిపించకుండా పోయాయి. సర్వర్లు నడుస్తూనే ఉన్నాయి, వాటికి దారి లేకుండా పోయింది. పల్లెలోని మనిషి ఆ రాత్రి తన ఫోనే చెడిందనుకొని ఉండవచ్చు.

సచివాలయంలో తరచుగా వినిపించే మరో ఆరోపణ: అదే ఫోనులో యూట్యూబ్ చక్కగా ఆడుతుంటే ప్రభుత్వ వెబ్‌సైటు మాత్రం ఎందుకు కదలదని. ఇందులో న్యాయమైన ప్రశ్న ఉంది. ఎక్కువమంది చూసే వీడియోల నకళ్లను పెద్ద సంస్థలు ఇంటర్నెట్ కంపెనీల సొంత కేంద్రాల్లోనే, అంటే వీక్షకుడికి దగ్గరలోనే భద్రపరుస్తాయి. ఈ పంపిణీ ఏర్పాటును సీడీఎన్ అంటారు. ఒక చోట పరికరం చెడితే మరో చోటి నుంచి జవాబు వస్తుంది. రైతు ఖాతా వివరాలకు ఇటువంటి నకళ్లు ఊరూరా పెట్టడం కుదరదు. అవి ఎప్పటికప్పుడు మారేవి, గోప్యమైనవి కనుక ఒకటి రెండు డేటా సెంటర్లలోనే ఉండాలి. అయితే నెల మొదటి తేదీన లక్షల మంది ఒకేసారి వస్తారని ముందే తెలిసిన సర్వరుకు ఆ రద్దీకి తగిన సామర్థ్యం కల్పించకపోవడం సాంకేతిక అనివార్యత కాదు, ప్రణాళికా లోపం. ‘సర్వర్ డౌన్’ అన్న మాట అక్షరాలా నిజమయ్యేది ఇటువంటి రోజునే.

ఇప్పుడు ఒక వేలిముద్ర ప్రయాణాన్ని మొదటి నుంచి చివరి దాకా చూడవచ్చు. రాష్ట్రంలో చౌకధరల దుకాణాలకు ఈ-పోస్ యంత్రాలు 2015 నుంచి వచ్చాయి. కార్డుదారు వేలు ఉంచగానే యంత్రం ఆ ముద్రను అక్కడికక్కడే ఎన్‌క్రిప్టు చేస్తుంది, అంటే తాళంచెవి ఉన్నవారికి తప్ప దారిలో ఎవరికీ చదవడానికి వీలులేని రూపంలోకి మారుస్తుంది. సిమ్ ద్వారా టవరుకు, టవరు నుంచి బ్యాక్‌హాల్ మీదుగా మొబైలు కంపెనీ కేంద్రానికి, అక్కడి నుంచి ఇంటర్నెట్ మీదుగా రాష్ట్ర ప్రభుత్వ సర్వరుకు అది చేరుతుంది. రాష్ట్ర సర్వరు దాన్ని అనుమతి పొందిన మధ్యవర్తి సంస్థ లీజు లైను ద్వారా ఆధార్ సంస్థకు పంపుతుంది. ఆ సంస్థ డేటా సెంటర్లు బెంగళూరులోనూ హర్యానాలోని మానేసర్‌లోనూ ఉన్నాయి. అక్కడ సరిపోల్చి ఇచ్చిన ‘అవును’ లేదా ‘కాదు’ అన్న జవాబు అదే దారిలో వెనక్కి వస్తుంది. సెకన్లలో ముగిసే ఈ ప్రయాణంలో యంత్రం బ్యాటరీ, సిమ్ రీఛార్జి, టవరు కరెంటు, ఫైబరు, డీఎన్‌ఎస్, రాష్ట్ర సర్వరు, ఆధార్ సర్వరు, చివరికి మట్టి పనిలో అరిగిపోయిన వేలి గీతలు, వీటిలో ఏది తప్పినా దుకాణదారు నోట వచ్చే మాట ఒక్కటే.

ఏది తప్పిందో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. మరో కంపెనీ సిమ్‌తో యంత్రం పనిచేస్తే లోపం మొదటి సిమ్‌దో దాని టవరుదో. రెండు సిమ్‌లతోనూ వేరే వెబ్‌సైట్లు తెరుచుకుని ఇదొక్కటే తెరుచుకోకపోతే లోపం బహుశా సర్వరుది. కొంత తెలిసినవారు పింగ్ అనే ఆదేశంతో ఒక చిరునామాకు చిన్న ప్యాకెట్ పంపి జవాబు ఎన్ని మిల్లీసెకన్లకు వచ్చిందో చూడవచ్చు, అంకెల చిరునామాకు జవాబు వచ్చి పేరుకు రాకపోతే తప్పు డీఎన్‌ఎస్‌ది. ట్రేస్‌రూట్ అనే మరో ఆదేశం దారిలోని రూటర్లను వరుసగా చూపిస్తుంది. ప్రతి ప్యాకెట్ మీదా ఒక సంఖ్య ఉంటుంది, దాటిన ప్రతి రూటరూ దాన్ని ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయితే ప్యాకెట్‌ను పారవేసి ఆ సంగతి పంపినవారికి తెలుపుతుంది. ఆ సంఖ్యను ఒకటి, రెండు, మూడుగా పెంచుతూ పోతే దారి ఏ మజిలీ దాకా బాగుందో చాలావరకు బయటపడుతుంది. సచివాలయాల్లోని డిజిటల్ సహాయకులకు ఈ రెండు ఆదేశాలు నేర్పి, ఫలితాన్ని పలక మీద రాయించే అలవాటు చేస్తే, ఫిర్యాదు ఎవరికి వెళ్లాలో ఊరందరికీ తెలుస్తుంది.

అంతవరకు ప్రతి కార్డుదారూ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. నెట్‌వర్కు అందకపోవడం వల్ల గానీ వేలిముద్ర సరిపోలకపోవడం వల్ల గానీ అర్హులకు సరుకులు నిరాకరించరాదనీ, కార్డు చూసి సరుకులిచ్చి ఆ వివరాన్ని మినహాయింపు రిజిస్టరులో నమోదు చేయాలనీ కేంద్ర ఆహార, ప్రజాపంపిణీ శాఖ 2017 అక్టోబరు 24న అన్ని రాష్ట్రాలకూ లిఖితపూర్వకంగా ఆదేశాలిచ్చింది. ‘సర్వర్ డౌన్’ అని ఎవరైనా తిప్పి పంపితే ఆ రిజిస్టరు చూపించమని అడగాలి.